అక్క చెప్పిన కత్తి సినిమాలు

"మా కోడలికి సినిమాలు చూసినందుకు జీతమిస్తారమ్మా! ఇంట్లో కూర్చుని, ఫ్యాను కింద. మన రోజుల్లో ఇలాంటి ఉద్యోగాలు ఎక్కడున్నాయి?" అని అత్తగారు ఎదురింటావిడతో అంటుంటే, పిట్ట వంటింట్లో గిన్నెలు తోముతూ ఎప్పటిలాగే నవ్వేసింది. పదకొండేళ్ళ నుంచి వింటున్న మాట అది. మొదట్లో గుచ్చుకునేది. తర్వాత తర్వాత కాలి కింద నలిగే పాత చాపలాగా అయిపోయింది.

పిట్ట అసలు పేరు కాదు. చిన్నప్పుడు బక్కపల్చగా ఉండేదని అక్క పెట్టిన పేరు. నలభై రెండేళ్ళొచ్చి, మోకాళ్ళు పట్టేసి, కొడుకు కాలేజీ హాస్టల్లో చేరినా ఆ పేరు మాత్రం పోలేదు. ఇక్కడా అదే ఉంచుదాం.

పిట్ట చేసే పని చూపు లేనివాళ్ళ కోసం. సినిమాలో మాటలకీ మాటలకీ మధ్య ఖాళీలుంటాయి కదా, ఆ ఖాళీల్లో తెర మీద ఏం జరుగుతోందో ఒక గొంతు చెబుతుంది. "ఆమె కిటికీ మూసింది." "అతను ఉత్తరం చింపేశాడు." ఆ గొంతు చెప్పే మాటలు రాసేది పిట్ట. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ తలుపు చప్పుడుకీ ఆ తర్వాత వచ్చే కేకకీ మధ్య నాలుగు సెకన్లే ఉంటే, ఆ నాలుగు సెకన్లలో ఎనిమిది మాటలకి మించి పట్టవు. ఏ ఎనిమిదో తేల్చుకోవడానికి ఒక్కోసారి పూటంతా పడుతుంది. పైగా ఈ పనికి ఒక గట్టి నియమం ఉంది. ఉన్నది చెప్పాలి, లేనిది చెప్పకూడదు. జాలిపడి కూడా ఒక్క మాట కలపకూడదు.

"చూసింది చూసినట్టు రాయడానికి డిగ్రీ కూడా కావాలా?" అని భర్త ఒకసారి అడిగాడు. వెటకారమేం కాదు, ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో సూపర్‌వైజరు. ఆయనకి ఇంట్లో ఒక గది ఉంది, బల్ల ఉంది, ఆ బల్లకి తాళం ఉన్న సొరుగు ఉంది. ఆయన పని ఆఫీసులోనే అయిపోతుంది కాబట్టి ఆ బల్ల మీద ఇస్త్రీ బట్టలుంటాయి. పిట్ట పనిచేసేది భోజనాల బల్ల మీద. రోజుకి మూడుసార్లు "ఆ పెట్టె తీసెయ్, తినాలి" అన్నప్పుడల్లా కంప్యూటరు తీసి ఫ్రిజ్ మీద పెట్టి, ఎంగిలి తుడిచి, మళ్ళీ దింపుకుంటుంది. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోన్సు కూడా ఒక చెవికే. రెండో చెవి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అత్తగారు పిలుస్తారు, గ్యాసువాడు బెల్లు కొడతాడు, పొయ్యి మీద పాలు పొంగుతాయి. పదకొండేళ్ళుగా ఆమె సినిమాలన్నీ సగం చెవితో విన్నవే.

ఆవేళ స్టూడియో మేడమ్ ఫోన్ చేసి, "ఈసారి మీకు కాస్త రోత పని అంటగడుతున్నానండీ," అంది. "నాలుగు పాత సినిమాలు. అప్పట్లో మార్నింగ్ షోల్లో ఆడేవే, చవకబారువి, వరసగా ఆడపిల్లల్ని పొడిచి చంపేవి. ఎవరో పిచ్చాయన పాత రీళ్ళు ఏరుకొచ్చి బాగుచేయించాడు. మీకు ఇబ్బందైతే చెప్పండి, ఇంకొకరికిస్తా."

ఆ నాలుగు పేర్లు వినగానే పిట్టకి ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు, సంతోషంతో.

"అయ్యో, ఇవన్నీ నేను చూసినవే మేడమ్! చిన్నప్పుడు, ఒక్కోటీ పదిసార్లు! మొదటిది పసుపు వానకోటు అమ్మాయిది కదా? హంతకుణ్ణి ఐసు ఫ్యాక్టరీలో పెట్టి గడియేసి, బస్సెక్కి టైపు పరీక్షకి వెళ్ళిపోతుంది. ఎంత తెలివైన పిల్లో!"

మేడమ్ అడ్డొచ్చింది. "టైపు పరీక్షా? మీరు వేరే సినిమా ఏదో అనుకుంటున్నారేమో. సరే, చూడండి."

పిట్ట వాళ్ళమ్మ సినిమా హాల్లో ఊడ్చే పని చేసేది. ఆటకీ ఆటకీ మధ్య పదిహేను నిమిషాల్లో మూడువందల కుర్చీల కింద చిరిగిన టికెట్లూ ఖాళీ పొట్లాలూ ఏరి, ఫినాయిలు నీళ్ళతో తుడవాలి. నాన్న లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. ఆడపిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టంలేక అమ్మ ఇద్దర్నీ హాలుకే తెచ్చి వెనక వరస చివరి కుర్చీలో కూర్చోబెట్టేది. ఇద్దరికీ ఒకే కుర్చీ. అక్కకి పద్నాలుగు, పిట్టకి ఏడు. చెల్లెల్ని చూసుకోవడానికని అక్క అప్పటికే బడి మానేసింది.

ఆ హాల్లో పెద్ద సినిమాలు పడేవి కావు. సెలవులొచ్చినా పండగలొచ్చినా కత్తి సినిమాలే. హాల్లో పనిచేసేవాళ్ళంతా వాటిని అలాగే పిలిచేవాళ్ళు. "ఈ వారం ఏం పడింది?" "ఇంకేం పడుతుంది, కత్తి సినిమా." కత్తి పైకి లేచిందంటే అక్క అరచెయ్యి పిట్ట కళ్ళ మీదికి వచ్చేది. ఫినాయిలు వాసన వేసే చెయ్యి. వేలికీ వేలికీ మధ్య సందు లేకుండా నొక్కిపెట్టి, చెవిలో కథ చెప్పేది.

"ఏమవుతోందే అక్కా?"

"వాడు ఐసు గదిలోకి వచ్చాడు. పసుపు కోటు అమ్మాయి తలుపు పక్కనే నక్కి ఉంది. వాడు లోపలికెళ్ళాడు... ఆమె బయటికి దూకేసింది! గడియ పెట్టేసింది!"

"మరి అరుస్తోందెవరు?"

"వాడేనే."

"ఆడగొంతులా ఉందేంటి?"

"చలికి. బాగా చలేస్తే గొంతు సన్నబడుతుంది, తెలీదూ?"

పిట్టకి తెలీదు. అక్క చెప్పింది కాబట్టి తెలుసుకుంది. చెయ్యి తీశాక తెర మీద ఎవరో పోలీసులు సిగరెట్టు కాలుస్తూ ఉండేవాళ్ళు. ఆ అమ్మాయి మళ్ళీ కనబడేది కాదు. "ఆమె ఏదే?" అంటే, "బస్సెక్కేసింది. పక్క ఊళ్ళో టైపు పరీక్ష. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు," అనేది. ఇంకో సినిమాలో నర్సు వాడికి మత్తు సూది పొడిచి, డ్యూటీ అయిపోయిందని చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికెళ్ళింది. మరోదాంట్లో మేడమెట్ల కింద దాక్కున్న కళ్ళజోడు పిల్ల దొడ్డిదారిన బయటపడి, పెద్దయ్యాక లెక్కల టీచరయింది. ఎంతమంది ఆడవాళ్ళు! అందరూ తప్పించుకున్నవాళ్ళే, అందరికీ ఏదో ఒక పని ఉంది, ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాల్సినవాళ్ళే.

వాళ్ళింట్లో మొదట డిగ్రీ పాసయింది పిట్ట. టైపు నేర్చుకుంటానని పదిహేనో ఏట మంకుపట్టు పట్టింది పసుపు కోటు అమ్మాయిని చూసే. చూసే అనుకుంది ఇన్నాళ్ళూ.

కంప్యూటర్లో మొదటి సినిమా పెట్టుకుంది. ఉదయం తొమ్మిదిన్నర. భర్త ఆఫీసుకి వెళ్ళాడు, అత్తగారు వార్తలు చూస్తున్నారు. పేర్లు పడుతుండగానే పిట్టకి నవ్వొచ్చింది. ఎంత పేద సినిమా! నెత్తురు చూస్తే గేటుకి వేసే రంగు. హంతకుడి చేతి తొడుగులు ఒక సీన్లో నల్లవి, మరుసటి సీన్లో గోధుమరంగువి. గోడ మీద మైకు నీడ. ఆ ఇల్లూ ఆ మెట్లే నాలుగు సినిమాల్లోనూ ఉన్నాయని తర్వాత తెలిసింది, కర్టెన్లు మార్చారంతే. పన్నెండో నిమిషంలో పసుపు వానకోటు వచ్చింది. పిట్ట కుర్చీలో ముందుకి జరిగింది. చిన్నప్పటి స్నేహితురాలు వీధి మలుపులో కనబడ్డట్టు.

ఆ అమ్మాయి ఐసు గదిలోకి పరిగెత్తింది. తలుపు గడియ పడలేదు. వాడు లోపలికొచ్చాడు. చంపేశాడు.

పిట్ట వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. మళ్ళీ చంపేశాడు. ఐసు దిమ్మల మధ్య పసుపు కోటు పడి ఉంది. కెమెరా దాని మీదే చాలాసేపు ఆగింది, తర్వాత పోలీసులు సిగరెట్లు కాల్చారు. మార్చిన ప్రతేమో, సెన్సారులో ఏదైనా అటూ ఇటూ అయిందేమో అనుకుని రెండో సినిమా పెట్టి, కత్తి లేచే చోట్లకే జరుపుకుంటూ చూసింది. నర్సు. మత్తు సూది ఆమె చేతిలో లేనే లేదు. దబ్బుమని పడింది ఆమే. మూడోది కూడా అలాగే పెట్టింది. కళ్ళజోడు పిల్ల మెట్ల కింద ముడుచుకుని కూర్చుంది. తొంభై సెకన్లు మాటా లేదు, సంగీతమూ లేదు, వాడి బూట్ల చప్పుడు తప్ప. వాడు వంగి చూశాడు.

"ఏమ్మాయ్! పిలుస్తుంటే వినబడట్లేదా?" అని అత్తగారు కేకేశారు. పిట్ట లేచి వెళ్ళి మంచినీళ్ళిచ్చి వచ్చింది. వచ్చి కూర్చుని, పదకొండేళ్ళలో ఎప్పుడూ చేయని పని చేసింది. హెడ్‌ఫోన్సు రెండు చెవులకీ పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మొదటి సినిమాలో ఐసు గది సీను మళ్ళీ వదిలింది.

అప్పుడు తెలిసింది.

చప్పుళ్ళు మాత్రమే వింటుంటే ఆ సినిమా అక్క చెప్పిన సినిమానే. తలుపు కిర్రుమంది, నాలుగు సెకన్లు, కేక. ఆ నాలుగు సెకన్లలో "ఆమె బయటికి దూకేసింది, గడియ పెట్టేసింది" సరిగ్గా పట్టింది. ఒక్క అక్షరం ఎక్కువ కాలేదు, ఒక్కటి తక్కువ కాలేదు. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు వచ్చిన చోట అక్క గడియ పెట్టించింది. బరువైనదేదో పడ్డ చోట వాణ్ణి పడేసింది. పరుగు చప్పుడు దూరమైన చోట బస్సు ఎక్కించింది. ఏ చప్పుడునీ వృథాగా పోనివ్వలేదు, దేన్నీ కాదనలేదు. కేకల్ని దాచడం ఎవరి తరమూ కాదు, చెయ్యి కళ్ళకే అడ్డం పడుతుంది కానీ చెవులకి పడదు. అందుకని ఆ కేకల్ని ఉంచేసి, వాటి సొంతదారుల్నే మార్చేసింది.

ఇది పిట్ట చేసే పనే. పిట్ట ఒక్కో సినిమాకి మూడు వారాలు తీసుకుంటుంది, సీన్ని ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ, సెకన్లు లెక్కపెట్టుకుంటూ, కొట్టేసి మళ్ళీ రాసుకుంటూ. అక్క పద్నాలుగేళ్ళకి అప్పటికప్పుడు చేసింది. మొదటి ఆటలో ఏం జరగబోతోందో తనకే తెలీదు. ఒక కంటితో తెర మీద హత్య చూస్తూ, నోటితో తప్పించుకోవడాన్ని అల్లుతూ, అడిగిన ప్రశ్నకి తడుముకోకుండా జవాబిస్తూ. చలికి గొంతు సన్నబడుతుందట! ఎలా తట్టిందే నీకు? ఎవరు నేర్పారు? ఇంత పెద్ద విద్యని ఒక చీకటి హాలులో, ఒక్క శ్రోత కోసం, ఎవరూ చూడకుండా ఎలా పారబోశావే?

పిట్ట మూడో సినిమాని ఆ తొంభై సెకన్ల నిశ్శబ్దం దగ్గరికి జరిపింది. అంత పొడుగు ఖాళీ వస్తే అనుభవం ఉన్నవాళ్ళకే చెమటలు పడతాయి. అక్కడ అక్క ఏం చెప్పిందో అక్షరం అక్షరం గుర్తుంది. "ఆ పిల్ల మెట్ల కింద కూర్చుని పదహారో ఎక్కం చదువుకుంటోంది. పెద్ద ఎక్కం చదివితే భయానికి చోటుండదే. నువ్వూ చదువు. పదహారొకట్ల పదహారు..." ఇద్దరూ గుసగుసగా చదివారు. పదహారు పదులు నూటఅరవై దగ్గరికి వచ్చేసరికి పెద్ద కేక వినబడింది. "అదుగో, వాడి కాలు మెట్టు సందులో ఇరుక్కుంది!" అంది అక్క. పిట్ట ఆ ఎక్కాన్ని పరీక్ష హాళ్ళలో చదువుకుంది, ఉద్యోగం ఇంటర్వ్యూల్లో చదువుకుంది, కాన్పు గదిలో పళ్ళు బిగించి చదువుకుంది. ఆ పిల్ల అదే చదివి బతికిందని నమ్మకం మరి.

తెర మీద ఆ పిల్ల బతకలేదు. తెర మీద ఒక్కరు కూడా బతకలేదు. నాలుగోది కూడా జరుపుకుంటూ చూసి లెక్కపెట్టింది, నాలుగు సినిమాల్లో పదిహేడుమంది. ఆ పదిహేడుమందినీ అక్క చూసింది, ఒక్కో సినిమా పదేసిసార్లు. కళ్ళ మీద అక్క చెయ్యి వణికేదని ఇప్పుడు గుర్తొచ్చింది. మణికట్టు దగ్గర నాడి పిట్ట కణతకి తగిలి టకటకా కొట్టుకునేది. అక్కకి చలేస్తోందేమో అనుకునేది పిట్ట.

అక్క కళ్ళు ఎవరు మూశారు?

పిట్ట బల్ల మీద చేతులు పెట్టుకుని, గుళ్ళో కూర్చున్నట్టు కూర్చుంది.

ఇంట్లో అక్కకి ఉన్న పేరు వేరు. కోతల పిల్ల. అమ్మ, నాన్న, చుట్టాలు, అందరూ అదే పిలుపు. హెడ్‌మాస్టరమ్మ ఇంటికొచ్చి తనని బడికి పంపమని అడిగిందని అక్క చెబితే "కోతలు" అన్నారు. అమ్మ సినిమా హాలు మేనేజరని పక్కింటివాళ్ళతో చెప్పిందిట, అది నిజంగా కోతే. పెళ్ళి కుదిరాక ఒకరోజు ఏడుస్తూ, "ఆయన నవ్వుతూనే నా చెయ్యి మెలిపెట్టాడమ్మా," అంటే అమ్మ విసుక్కుంది. "నీ సినిమా కథలు నా దగ్గర చెప్పకు. బంగారంలాంటి సంబంధం."

మూడు వారాల కిందట అక్క పిట్టకి ఫోన్ చేసింది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, బావ స్నానానికి వెళ్ళినట్టున్నాడు. గొంతు బాగా తగ్గించి, "పిట్టా, మీ బావ పనికి షెడ్డుకెళ్తూ నన్ను లోపల పెట్టి తాళమేస్తున్నాడే. ఆర్నెల్లయింది. ఫోను కూడా పట్టుకెళ్తాడు. సాయంత్రం ఏడింటిదాకా అంతే," అంది. ఆరోజు సాయంత్రం పిట్ట బావకి ఫోన్ చేసింది. మర్యాదగా, అడగనా వద్దా అన్నట్టు అడిగింది. బావ పగలబడి నవ్వాడు. "మీ అక్క సంగతి నీకు తెలీదా పిట్టా? చిన్నప్పట్నుంచీ కథలు చెప్పడమేగా! పొయ్యి ఆపకుండా బయటికెళ్ళిపోతుంది, అంత మతిమరుపు. నాకు లేనిపోని పేరు." పిట్ట కూడా నవ్వింది. "అవును బావా, దానికి మొదట్నుంచీ ఆ అలవాటే," అంది. అని ఫోన్ పెట్టేసి బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళింది.

ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చింది. పిట్టకి పనిమనసు ఒకటుంది, అది ఎంత దుఃఖంలోనూ లెక్క తప్పదు. అక్క జీవితంలో చెప్పిన కోతలన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. పసుపు కోటు అమ్మాయి బయటపడింది. నర్సు బయటపడింది. కళ్ళజోడు పిల్ల బయటపడింది. అమ్మ చీపురు వదిలేసి మేనేజరయింది. అక్క ఎప్పుడు ఏది కల్పించినా అందులో ఎవరో ఒకరు ఒక చెరనుంచి బయటపడ్డారు. పదిహేడు చావుల్ని చూస్తూ కూడా ఒక్క చావుని చెప్పలేనిది, ఒక మనిషి తలుపు వెనక ఉండిపోయిన కథని కల్పించగలదా? అదీ తన మీద? తాళం పడింది, సాయంత్రం ఏడింటిదాకా అంతే. ఆ కథలో బస్సు లేదు. టైపు పరీక్ష లేదు. అది అక్క అల్లింది కాదు. అక్కకి అలా అల్లడం రాదు.

పిట్ట లేచింది. కంప్యూటరు మూసి, ఫ్రిజ్ మీద పెట్టకుండా, బల్ల మీదే వదిలేసింది.

"అత్తయ్యా, మా అక్క దగ్గరికెళ్తున్నా. అన్నం గిన్నెలో ఉంది. తిరిగి ఎప్పుడొస్తానో తెలీదు. వచ్చేటప్పుడు అక్క కూడా వస్తుంది. మనింట్లోనే ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"ఉన్నన్నాళ్ళు."

అత్తగారు టీవీ గొంతు తగ్గించారు. పిట్ట ఆ ఇంట్లో ఒక సంగతి అనుమతి అడక్కుండా చెప్పడం ఆవిడ వినడం అదే మొదటిసారి.

రెండు బస్సులు మారాలి. రెండో బస్సులో ఉండగా భర్త ఫోన్ చేశాడు. "ఏంటిది, అమ్మ ఫోన్ చేసింది? మీ అక్క ఏదో అనడం, నువ్వు పరిగెత్తడం. అసలు ఆవిడ మాట ఎవరు నమ్ముతారు? మధ్యాహ్నం అమ్మకి మందులెవరిస్తారు?"

"మీరివ్వండి. తెల్లవి రెండు, పసుపుది ఒకటి. తిన్నాక. డబ్బా ఫ్రిజ్ పక్కన ఉంటుంది."

"నేను ఆఫీసులో ఉన్నాను!"

"నేను కూడా పని మధ్యలోంచే వచ్చానండీ," అంది పిట్ట.

అక్క ఉండేది మూడంతస్తుల పాత కట్టడంలో, రెండో అంతస్తు. మెట్లెక్కి మలుపు తిరగ్గానే కనబడింది. తలుపుకి బయట ఇత్తడి తాళం, అరచెయ్యంత. ఎవరి దగ్గరా దాచలేదు. దాచాల్సిన అవసరమే రాలేదు. బయటికెళ్ళేవాళ్ళు తలుపుకి తాళమేసుకోవడంలో వింతేముంది? రోజూ ఎంతమంది దాని ముందునుంచి నడిచి వెళ్ళి ఉంటారో.

"అక్కా."

లోపల ఏదో గిన్నె కిందపెట్టిన చప్పుడు. "ఎవరూ?"

"నేనే. పిట్టని."

పాదాల చప్పుడు. తర్వాత తలుపుకి బాగా దగ్గరగా అక్క గొంతు. "ఇప్పుడొచ్చావేంటే? పని లేదూ?"

"ఉంది. వచ్చాను."

"ఫోన్లో నవ్వావుగా." కోపం లేదు ఆ మాటలో. "స్పీకరు పెట్టి వినిపించాడు నాకు. నీ చెల్లెలు కూడా నవ్వుతోంది చూడు అని."

పిట్ట తలుపుకి నుదురు ఆనించింది. చెప్పాల్సిన క్షమాపణలు చాలా ఉన్నాయి. ఏదీ ఆ తలుపు సందులో పట్టేంత చిన్నది కాదు. "నవ్వాను అక్కా. తప్పు చేశాను. తాళం తీయిస్తాను, ఉండు," అంది.

వీధి చివర తాళాలు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు. సంచీ భుజాన వేసుకుని ఆయాసపడుతూ వచ్చి, తాళం చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంటాయన లేకుండా తీయకూడదమ్మా. నా మీదికొస్తుంది."

"లోపల మనిషుందండీ."

ఆయన నమ్మనట్టు చూశాడు. ఒంగి, తలుపు కింది సందులోంచి వెలుగులో కదులుతున్న రెండు పాదాల్ని చూశాడు. ఆయన మొహం మారింది. చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎంతో మెల్లగా అడిగాడు. "అమ్మా, ఇది మీ ఇల్లేనా? నన్ను తీయమంటారా?"

 అక్కని ఏదైనా ఒకటి చెయ్యమంటారా అని అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేనట్టుంది. "తీయండి," అంది అక్క. "తీయండయ్యా."

సుత్తి చప్పుడుకి ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. పై అంతస్తునుంచి టీచరమ్మ దిగింది, ఎదురింటి దర్జీ ఆవిడ మెళ్ళో టేపుతోనే వచ్చింది, ఇంకెవరో ఇద్దరు. "పగలంతా లోపల్నుంచి మాటలు వినబడతాయండీ," అంది దర్జీ ఆవిడ, సంజాయిషీలాగా. "ఒక్కతే మాట్లాడుతుంటుంది. టీవీ అనుకున్నాం మేం."

తాళం ఊడింది. తలుపు తెరుచుకుంది.

అక్క జుట్టు సగం నెరిసింది. ఇంట్లో కట్టుకునే చీర, చేతికి తడి. గడపకి లోపలే ఆగి, బయట నిలబడ్డ మొహాలన్నీ వరసగా చూసింది. పిట్టని చూసింది. పిట్ట చేతులు చాచబోతుండగా అక్క ఒళ్ళు నిటారుగా అయింది. మెడ కాస్త పక్కకి వాలింది, గొంతు మెత్తబడింది.

"అయ్యో, మీ అందర్నీ శ్రమపెట్టాను," అంది నవ్వుతూ. "ఏం లేదండీ. షెడ్డునుంచి ఫోనొచ్చింది, ఎవరో కుర్రాడి చెయ్యి యంత్రంలో పడిందట. ఆయన ఆ కంగారులో, నేను స్నానం చేస్తున్నానన్న సంగతే మర్చిపోయి అలవాటు కొద్దీ తాళమేసుకుని పరిగెత్తారు. పాపం ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారో ఏమో!"

అంత కథా ఒక్క ఊపిరిలో. సుత్తి చప్పుడుకీ ఈ క్షణానికీ మధ్య ఎప్పుడు అల్లిందో.  అందులో తప్పించుకున్నది బావ. కళ్ళ ముందే అందరి మొహాలూ తేలికపడ్డాయి. టీచరమ్మ "అదా సంగతి" అంది. దర్జీ ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని "హమ్మయ్య" అంది. నలభై ఏళ్ళుగా కోతల పిల్ల అన్న మనిషిని ఇప్పుడు అందరూ నమ్మేశారు, ఒక్క ప్రశ్న లేకుండా. ముసలాయన ఒక్కడే ఊడిన తాళాన్ని చేతిలో పట్టుకుని తల వంచుకున్నాడు. దర్జీ ఆవిడ అప్పుడే వెనక్కి తిరుగుతోంది.

"కాదండీ," అంది పిట్ట.

అందరూ ఆగారు. అక్క కళ్ళతోనే వద్దంది. పిట్ట గడప దాటి లోపలికి వెళ్ళి అక్క పక్కన నిలబడి, ఆ తడి చెయ్యి పట్టుకుంది.

"పొరపాటు కాదు. ఆర్నెల్లుగా రోజూ లోపల పెట్టి తాళమేసి వెళ్తున్నాడు. ఫోను కూడా ఇవ్వడు."

"అయ్యో, ఎవరు చెప్పారమ్మా మీకు?" అంది టీచరమ్మ, అక్కనీ పిట్టనీ మార్చి మార్చి చూస్తూ.

"మా అక్క చెప్పింది."